మసక వేసిన చెయ్యి

పసుపు మొన వెనకదానికి, ఆకుపచ్చ మొన ముందుదానికి, నీలం మొన మాస్కుకి, మళ్లీ, పసుపు వెనకదానికి, ఆకుపచ్చ ముందుదానికి, పొద్దుటి నుంచి ఎక్కాల్లా వల్లె వేస్తూనే ఉంది మాలినీ, తీరా చెయ్యి మౌస్ మీదికి వెళ్లేసరికి ఏది ఎక్కడిదో ఎగిరిపోతోంది, నలభై తొమ్మిదేళ్ల బుర్రలోకి కొత్తది ఒకటి దిగాలంటే పాతది ఒకటి లేచి చోటివ్వాలేమో, లేవనంటోంది, తెర మీద కింద సగం నల్లటి పలక, పలక మీద ఎడమవైపు ఒక పెట్టె, కుడివైపు ఒక పెట్టె, రెంటికీ మధ్య ఒక తీగ, అంతే, ఎడమ పెట్టెలోంచి బొమ్మ బయల్దేరుతుందట, తీగ వెంబడి పారుతుందట, దారిలో మనం పెట్టిన ప్రతి పెట్టే దానికి ఏదో ఒకటి చేసి ముందుకు పంపుతుందట, కుడి పెట్టె చేరేసరికి షాట్ తయారట, పెట్టెలనకు అక్కా, నోడ్లు అంటారు, చాత్రీ గారు వింటే నవ్వుతారు అంది కన్నిక, పక్క సీట్లో కూర్చుని రంగులు దిద్దే మనిషి, పచ్చిమామిడి ముక్క ఉప్పూకారంలో అద్దుకుంటూ, నవ్వితే నవ్వనీ, ఆయన నవ్వు కంటే గోడ గడియారమే ఎక్కువ భయపెడుతోంది, ఒంటిగంట దాటి ఐదు నిమిషాలు, మూడింటికల్లా సీరియల్ ఎపిసోడ్ చానల్‌కి వెళ్లిపోవాలి, అన్నీ అయిపోయి అందులో ఈ ఒక్క షాటే మిగిలింది, పదకొండు సెకన్లు, రెండువందల డెబ్భై ఐదు ఫ్రేములు, అది తన నెత్తిన ఉంది.

సోమవారం మీటింగులో ఎంత తియ్యగా చెప్పారో చాత్రీ గారు, కంపెనీ ఆయనది, ఏదైనా తియ్యగానే చెప్తారు, పాత సాఫ్ట్‌వేర్‌కి ఇవాళ్టితో తాళం పడిపోయింది, ఇకనుంచి అందరూ నోడ్లలోనే, చేతకానివాళ్లు బెంగ పెట్టుకోనక్కర్లేదు, కింద బీరువాల గదిలో డిస్కులు చూసుకునే పని ఎలాగూ ఉంది, మాలినీ అక్క కళ్లకి కూడా కాస్త విశ్రాంతి దొరుకుతుంది, అన్నారు, అందరూ నవ్వారు, తనూ నవ్వింది, నవ్వక ఏం చేస్తుంది, కిటికీ లేని గది అది, అక్కడికి పంపిన కియత్ అన్న ఏడాది తిరక్కుండా తనంతట తనే మానేశాడు, ఎవరూ పొమ్మనకుండానే మనుషులు పోయే గది, ఇవాళ పొద్దున్న ఆయనే వచ్చి ఈ షాట్ తన ముందు పెట్టారు, దీన్ని పరీక్ష అనుకోకండి అక్కా అన్నారు, పరీక్ష అనుకోవద్దని ఎవరైనా నోరు తెరిచి అన్నారంటే అది పరీక్షే, మూడింటికి అందకపోతే షాట్ కోసేసి పంపిస్తాను, ఏం చేస్తాం మరి అని కూడా అన్నారు, పోయిన మనిషి ఆఖరి షాట్‌ని కోసేస్తానని గోరు కత్తిరించినంత తేలిగ్గా ఎలా అనగలిగారో, ఒళ్లు మండింది గానీ అలాగేనండీ అంది.

ఎందుకంటే షాట్‌లో ఉన్నది ప్రసోంగ్ బాబాయ్, చుట్టం కాకపోయినా తను బాబాయ్ అని పిలిచే నటుడు, పాతకాలపు చెక్క కిటికీ ముందు కూర్చుని, దూరంగా ఉండిపోయిన కూతురి కోసం ఎదురుచూసే తండ్రి వేషం, చేతిలో వెలిగించని సిగరెట్టు, వెలిగించినా వెలిగించకపోయినా సిగరెట్టు టీవీలో కనపడకూడదు, మందుగ్లాసు కనపడకూడదు, కణతకి ఆనించిన తుపాకీ కనపడకూడదు, వాటి మీద మసక వెయ్యాలి, ఈ బ్యాంకాక్‌లో ఇరవై రెండేళ్లుగా మాలినీ తింటున్న అన్నం ఆ మసకదే, అమ్మకి రోజూ సాయంత్రం అదో వేడుక, సీరియల్‌లో ఎవడో విలన్ చేతి దగ్గర తెర అలుక్కుపోగానే అదిగో మా అమ్మాయి వచ్చింది అంటుంది, సందులో ఆడవాళ్లందరికీ చెప్పేసింది కూడా, ఇప్పుడు వాళ్లూ అంటారు, నిన్న మీ అమ్మాయి మూడుసార్లు వచ్చిందే అని, తెర మీద తన పేరు పడదు, మసకే తన సంతకం, నవ్వుకునేది ఇన్నాళ్లూ, ఇప్పుడా నవ్వు కూడా కింది గదిలోకి వెళ్లిపోతుందా, గడియారం ఒంటిగంటా పది, ఛీ, పని చూడు.

బాబాయ్ ఆఫీసుకి వచ్చాడంటే అట్టపెట్టెలో ఆవిరి మీద వండిన పొరల మిఠాయి ఉండేది, ఆకుపచ్చ పొర, తెల్ల పొర, మళ్లీ ఆకుపచ్చ, చిన్నపిల్లలా ఒక్కో పొరా ఊడదీసుకుని తినేది తను, వీడియో అంటే ఇలాంటిదే బాబాయ్, పైన ఒక పొర, కింద ఒక పొర అని చెప్పేది, ఆయన వేళ్లకి అంటుకున్న జిగురు తుడుచుకుంటూ వినేవాడు, తుడుచుకునే ఆ రెండు వేళ్లు పొగకి పసుపుపచ్చగా ఉండేవి, ఒకసారి తనవే పాత సీన్లు చూసి పగలబడి నవ్వాడు, ఏమే అమ్మాయ్, ముప్పై ఏళ్లు నటించాను, దేశంలో ఒక్కడు కూడా నా వేళ్లు చూడలేదు, నువ్వు చూడనివ్వలేదు, అన్నాడు, నేనేం చెయ్యను బాబాయ్, నువ్వు మానెయ్ అంటే, మానేస్తే నటన ఎక్కణ్ణుంచి వస్తుందే, మొహంతో అందరూ నటిస్తారు అన్నాడు, పోయినేడు పక్షవాతం వచ్చి మొహం సగం బిగుసుకుపోయింది, మాట ముద్దగా వచ్చేది, అయినా ఈ వేషం ఇచ్చారు, ఇది తీసిన పదో రోజున పోయాడు, మొన్న ఆదివారం గుడిలో చితి దగ్గర గంధపు చెక్క పువ్వు పెట్టి చేతులు జోడించింది తను, వెనక వరస కదిలి ముందుకు తోస్తుంటే సరిగ్గా దండమైనా పెట్టుకోలేదు, ఎవరో ఫోన్‌లో మాట్లాడుతున్నారు పార్కింగ్ గురించి.

సరే, మసక నోడ్ ఒకటి తెచ్చి తీగ మధ్యలో పడేసింది, తీగ దానంతటదే తగులుకుంది, గుడ్డెద్దు చేలో పడ్డట్టు తను వేసినా అది దారి వెతుక్కుంది, మాస్కు నోడ్ తెచ్చింది, బాబాయ్ చేతి చుట్టూ చుక్క చుక్కగా గీసింది, నీలం మొన, నీలం మాస్కుకి, తగిలించింది, ఇక్కడ చిన్న గడి ఒకటి ఉంది, తిరగేయమంటావా అని అడిగే గడి, ఆలోచించకుండానే నొక్కింది, ఎందుకు నొక్కిందంటే ఇరవై రెండేళ్లుగా తన పద్ధతి అదే, కింద పొర మొత్తం మసక చేసి పరుచుకోవడం, పైన అదే బొమ్మ శుభ్రంగా పరుచుకోవడం, పై పొరకి సిగరెట్టు ఉన్నచోట చిల్లు పెట్టడం, ఆ చిల్లులోంచి కింది మసక కనిపిస్తుంది, చేతికి అలవాటైపోయిన చిల్లు అది, మాస్కు అంటే చిల్లు, చిల్లు అంటే తిరగెయ్యాలి, నొక్కింది, ఆడించింది, తెర మీద మొత్తం అలుక్కుపోయింది, కిటికీ అలుక్కుపోయింది, కుర్చీ అలుక్కుపోయింది, బాబాయ్ మొహం వానలో తడిసిన కాగితమైపోయింది, మొత్తం ఫ్రేములో శుభ్రంగా ఉన్నది ఒక్కటే, చెయ్యి, అయ్యయ్యో తిరగేశావు అక్కా, అంతా ముసుగేసి వెయ్యాల్సినచోట వదిలేశావు అని కన్నిక మామిడిముక్క నోట్లో పెట్టుకునే నవ్వింది, ఆ గడి తీసెయ్, ఒక్క నొక్కు, అయిపోతుంది, తీసేద్దామనే చెయ్యి వెళ్లింది, ఆగిపోయింది.

ఎందుకంటే ఆ చెయ్యిని ఎప్పుడూ చూడలేదు తను, ఇన్నేళ్లూ ముట్టుకున్నది అదే, ఫ్రేము ఫ్రేముకీ దాని చుట్టూ గీతలు గీసింది, పాడైన పండు మచ్చ చూసినట్టు చూసింది, ఎంతమేర తీసెయ్యాలి అని తప్ప ఏమిటది అని చూడలేదు, ఇప్పుడు మొహం లేదు, మాట లేదు, చెయ్యి ఒక్కటే ఉంది, అది ఊరికే లేదు, మోకాలి మీద నుంచి మెల్లగా లేచింది, సిగరెట్టుని రెండు వేళ్ల మధ్య ఒకసారి దొర్లించింది, కిటికీ దాకా వెళ్లి ఆగింది, అరచెయ్యి కిందికి తిరిగింది, వేళ్లు రెండుసార్లు ముడుచుకుని విచ్చుకున్నాయి, బూడిద దులిపినట్టు, వెలగని సిగరెట్టుకి బూడిదేమిటి, మళ్లీ మోకాలి మీదికి దిగిపోయింది, మొహం సగం చచ్చిపోయిన మనిషి పాత్ర మొత్తాన్ని చేతిలోకి తెచ్చుకున్నాడు, దాని మీద నేను మసక వేస్తే ఇక మిగిలేదేమిటి, కదలని మొహం, చూసేవాళ్లు పాపం ముసలాయన అనుకుని చానల్ మార్చేస్తారు, ఏమిటక్కా అలా చూస్తున్నావు అంది కన్నిక, ఏం లేదు అంది, ఒంటిగంటా ముప్పై ఐదు.

నాన్న చెయ్యి కూడా ఇలాగే లేచేది, కాలవ పడవ అంచు మీద నడుస్తూ టిక్కెట్లు కోసేవాడు నాన్న, నెత్తిన హెల్మెట్టు, ఒక చేతిలో తాడు, ఒక చేతిలో చిల్లర, రేవులో పడవ ఆగిన రెండు నిమిషాల్లో చిల్లర చేతిలోకి సిగరెట్టు వచ్చేది, ఆ చేత్తోనే రమ్మనేవాడు తనని, అరచెయ్యి కిందికి, వేళ్లు ముడుస్తూ, దా, దా, పడవ కదిలేస్తోంది, ఊపిరితిత్తులు కుళ్లిపోతున్నాయని డాక్టరు చెప్పాక కూడా రేవు వెనక దాక్కుని కాల్చాడు, తను చూసింది, చూసి ఇంటికొచ్చి కంచం విసిరేసింది, మానెయ్ నాన్నా అని ఏడ్చింది, మానేస్తానే అన్నాడు, మానలేదు, పోయాక కర్మల చివరిరోజు గుడిలో వేయడానికి చిన్న వీడియో చెయ్యమన్నారు బంధువులు, నువ్వు ఆ పనిలోనే ఉన్నావుగా అని, మామయ్య చిన్న కెమెరాతో రేవులో తీసిన మూడు నిమిషాల టేపు ఒకటే ఉంది, అందులో నాన్న నవ్వుతూ దా, దా అంటున్నాడు, వేళ్ల మధ్య సిగరెట్టు, దాని మీద మసక వేసింది తను, కొత్త టేపు దొరక్క అదే టేపు మీద తిరిగి ఎక్కించింది, కంప్యూటర్లో ఉన్న అసలుది ఆ శుక్రవారం నాడు ఆఫీసు డిస్కులు తుడిచినప్పుడు పోయింది, గుడిలో తెర మీద నాన్న నవ్వాడు, మణికట్టు దగ్గర ఆగిపోయాడు, అందరూ ఊరుకున్నారు గానీ అమ్మ ఊరుకోలేదు, మనిషిని పెట్టావు, చెయ్యేదే అంది, అలవాటులో వేసేశానమ్మా అంది తను, పదిహేడేళ్లుగా అదే మాట, అలవాటులో వేసేశాను.

అలవాటేనా, ఇంట్లో టేపు మీద, గుడిలో వేసే టేపు మీద, ఏ చానల్ అడిగింది, ఏ రూలు అడిగింది, అలవాటు అనుకున్నదాని కింద ఇంకేదో ఉందని తనకి ఎప్పుడూ తెలుసేమో, ఒద్దు, ఇప్పుడు కాదు, గడియారం చూడు, ఒంటిగంటా నలభై, కన్నికా, మసక వెయ్యకుండా సిగరెట్టు ఒక్కటే తీసెయ్యొచ్చా అని అడిగేసింది, అడిగాక తనకే భయమేసింది, కన్నిక మామిడిముక్కల డబ్బాకి మూత పెట్టేసింది, ఇక నవ్వడం లేదు, అక్కా, నీకు మతిపోయిందా, నోడ్లు పట్టి ఆరు రోజులు కాలేదు, మసక అయితే ఐదు నిమిషాలు, హాయిగా వేసి పంపు, నీ కుర్చీ నీకుంటుంది, తీసెయ్యడమంటే వెనకాల ఏదో ఒకటి నింపాలి, వేళ్ల సందున చర్మం అతకాలి, నాకే గంటన్నర పడుతుంది, అంది, కెమెరా కదల్లేదుగా, టేకు మొదట్లో, కుర్చీ వేసి బాబాయ్‌ని కూర్చోబెట్టకముందు, కిటికీ ఖాళీగానే ఉందిగా, ఆ ఖాళీ కిటికీ బొమ్మ ఒకటి నిలబెట్టి సిగరెట్టు ఉన్నంతమేరా అతికిస్తే సరిపోదూ అంది మాలినీ, కన్నిక ఒక్క క్షణం తనకేసి చూసింది, ఇది నీకెవరు చెప్పారు అంది, ఎవరూ చెప్పలేదు, పొరల్లో అయితే నాకు ఎప్పుడూ తట్టలేదు, ఈ పలక మీద చూస్తుంటే తట్టింది, అసలు బొమ్మ ఎడమవైపు చెక్కుచెదరకుండా ఉండనే ఉందిగా, దాన్నుంచి ఎన్ని తీగలు కావాలంటే అన్ని లాగొచ్చని నువ్వే అన్నావు, అన్నాను తల్లీ, నా నోరు కుట్టెయ్యాలి, కానియ్, మూడైతే మాత్రం నేనెవరో నీకు తెలీదు.

ఎడమ పెట్టె నుంచి రెండో తీగ లాగింది, దాని మీద ఖాళీ కిటికీ ఫ్రేముని ఆపి నిలబెట్టే నోడ్ పెట్టింది, సిగరెట్టు చుట్టూ సన్నటి మాస్కు గీసింది, ఈసారి గడి ముట్టుకోలేదు, సిగరెట్టు ఎటు పోతే మాస్కు అటు పోయేలా దాన్ని వెంబడించే ట్రాకర్ పెట్టింది, అది ఫ్రేము తరవాత ఫ్రేము పాకుతుంటే ఊపిరి బిగబట్టి చూసింది, నూటనలభయ్యో ఫ్రేములో వేళ్లు ముడుచుకునే చోట ట్రాకర్ జారిపోయి బాబాయ్ చొక్కా బొత్తాన్ని పట్టుకుంది, వెనక్కి తెచ్చింది, మళ్లీ జారింది, వెనక్కి తెచ్చి ఒక్కో ఫ్రేమూ చేత్తో జరిపింది, కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి, ఏడుపు కాదు, రెప్ప వెయ్యక, రెండున్నర, తలుపు సందులోంచి చాత్రీ గారు తల పెట్టి అక్కా అయిందా అన్నారు, అవుతోందండీ అంది కన్నిక తనకి బదులుగా, మసకేగా, ఎంతసేపు, అన్నారు, వెళ్లారు, ఇప్పుడు రెండింటినీ కలిపే నోడ్, పసుపు వెనకదానికి, ఆకుపచ్చ ముందుదానికి, కంగారులో తగిలించింది, ఆడించింది.

తెర మీద బాబాయ్ లేడు, కుర్చీ లేదు, ఖాళీ కిటికీ ముందు సిగరెట్టు ఒక్కటే గాల్లో తేలుతోంది, లేచింది, దొర్లింది, రెండుసార్లు ఊగింది, దిగిపోయింది, మనిషి లేడు, సిగరెట్టు ఉంది, కన్నిక ఫక్కున నవ్వబోయి తన మొహం చూసి ఆపేసుకుంది, మొనలు మారాయి అక్కా, ఏదీ, నేను మార్చనా, వద్దు, ఉండు అంది మాలినీ, ఎందుకంటే ఈ బొమ్మ తనకి తెలుసు, ఇది కొత్త తప్పు కాదు, నాన్నని తను ఇన్నేళ్లూ గుర్తుపెట్టుకున్నది ఇలాగే, మనిషినంతా తీసేసి సిగరెట్టు ఒక్కటి మిగుల్చుకుంది, నాన్న అంటే సిగరెట్టు, నాన్న అంటే మాట తప్పడం, రేవు వెనక పొగ, గుడిలో వేసింది అలవాటు కాదు, కోపం, చచ్చిపోయిన మనిషి మీద కోపం, దాన్ని నలుగురి ముందూ చూపించలేక మసక కింద పెట్టింది, మొనలు మార్చు, మాలినీ, మార్చు, రెండూ నలభై రెండు, పసుపు వెనకదానికి, వెనకది అంటే బాబాయ్ షాట్, ఆకుపచ్చ ముందుదానికి, ముందుది అంటే ఖాళీ కిటికీ, మార్చింది, వేళ్ల సందున బియ్యపు గింజంత తెల్లమచ్చ మిగిలింది, పక్క చర్మం తెచ్చి అద్దింది, ఇంకోసారి అద్దింది, కుడి పెట్టెకి కలిపింది, పంపు అంది కన్నిక, ఇక చూడకు, పంపు, రెండూ యాభై మూడుకి షాట్ ఫైలుగా బయటికి రావడం మొదలైంది, నీలం గీత పాకింది, ఎనభై శాతం దగ్గర ఆగి ప్రాణం తీసింది, కదిలింది, రెండూ యాభై ఎనిమిది, వెళ్లిపోయింది.

వెళ్లిపోయాకే చాత్రీ గారు వచ్చారు, చేతిలో ఐసు కాఫీ, ఏదీ చూద్దాం అని వెనక నిలబడ్డారు, ఆడించింది, ఆయన ఒకసారి చూసి మసకేది అక్కా అన్నారు, గొంతులో తీపి తగ్గింది, సిగరెట్టు లేదుగా సార్, ఇక మసక దేనికి అంది కన్నిక, ఆయన ముందుకు వంగారు, మళ్లీ వెయ్యండి అన్నారు, వేసింది, మళ్లీ అన్నారు, మూడోసారి చూస్తూ స్ట్రా నోట్లోంచి తీసేసి, నాకు స్క్రిప్టులో సిగరెట్టు సీన్ అని ఉంది, కానీ ఈయన ఎవర్నో పిలుస్తున్నట్టుందే, అన్నారు, తన కూతుర్ని పిలుస్తున్నట్టు, ముందు తెలిస్తే మ్యూజిక్ మార్చేవాణ్ణి, అని తలుపు వైపు తిరుగుతూ, సోమవారం మిగతావాళ్లకి ఇది ఎలా చేశారో చూపించండి అక్కా అని చెప్పి వెళ్లిపోయారు, అంటే కుర్చీ ఉంది, కింది గది లేదు, కన్నిక భుజం మీద గట్టిగా ఒకటి చరిచింది, ఏదో అంటోంది, భోజనం నువ్వే పెట్టించాలంటోంది, వినిపిస్తూనే ఉంది, సంతోషం రావాల్సిన చోటికి సంతోషం రాలేదు, తెర మీద షాట్ తిరిగి మొదలైంది, చెయ్యి లేచింది, కిటికీ దాకా వెళ్లింది, అరచెయ్యి కిందికి, వేళ్లు రెండుసార్లు ముడుచుకున్నాయి, దా, దా.

పదిహేడేళ్ల కిందట ఆస్పత్రిలో తెల్ల దుప్పటి మీద నాన్న చెయ్యి అలాగే ఉంది, అరచెయ్యి కిందికి, చూపుడువేలికి ఏదో క్లిప్పు, మూతి మీద గొట్టం, మాట లేదు, రెండు వేళ్లు ముడుచుకున్నాయి, విచ్చుకున్నాయి, బూడిద దులిపినట్టు, మళ్లీ, గుమ్మం దగ్గర నిలబడి చూసింది తను, చావబోతూ కూడా అదేనా నీకు కావాల్సింది అనుకుంది, పక్కన అమ్మతో అనేసింది కూడా, చూడు, ఇప్పుడు కూడా సిగరెట్టే అడుగుతున్నాడు అని, మొహం తిప్పుకుని వరండాలోకి వెళ్లి బల్ల మీద కూర్చుంది, ఆరు అడుగుల దూరం, మూడు అంగలు, వెళ్లలేదు, అటునుంచటే ఇంటికి పోయింది, తెల్లారి ఫోనొచ్చింది, ఆ వేళ్ల మధ్య ఏమీ లేదు, లేని సిగరెట్టుని అక్కడ పెట్టింది తనే, ఇవాళ తీసేస్తే గానీ కనపడలేదు, సాయంత్రం అమ్మ టీవీ ముందు కూర్చుంటుంది, ఈ సీన్ వస్తుంది, అమ్మ మసక కోసం వెతుకుతుంది, తెర అంతా వెతికి ఇవాళ మా అమ్మాయి రాలేదే అంటుంది, అప్పుడు అమ్మ పక్కన కూర్చుని చెప్పాలి, ఇవాళ వచ్చానమ్మా, రానిది ఆ రోజు, నాన్న సిగరెట్టు అడగలేదు, నన్ను రమ్మన్నాడు.